పత్తి శశికాంత్ హాఫ్‌టైమ్ మాటలు

ఆదోని మార్కెట్ యార్డులో పత్తి శశికాంత్ అంటే తెలియని వాళ్ళు లేరు. ఇంటిపేరు వేరే ఏదో ఉంది గానీ, అది రేషన్ కార్డులో తప్ప ఇంకెక్కడా పనికి రాదు. వాళ్ళ నాయన మల్లికార్జునయ్య కూడా పత్తి మనిషే. జిన్నింగ్ మిల్లు తరపున యార్డుకొచ్చి, రైతులు పోసిన కుప్పలు చూసి, ఏది కొనాలో ఏది వదలాలో చెప్పడమే తండ్రీకొడుకుల పని.

శశికాంత్‌కు నలభై ఒకటి. సన్నగా పొడుగ్గా ఉంటాడు. కుప్ప దగ్గర వంగి గుప్పెడు పత్తి తీస్తాడు. గింజ విడదీసి, దూదిని రెండు బొటనవేళ్ళ మధ్య పెట్టి మెల్లగా లాగి, పింజ పొడవు చూస్తాడు. చూసి మొహం పెడతాడు. ఆ మొహం చూస్తే ఆముదం తాగినవాడు కూడా జాలిపడాల్సిందే.

"తేమ ఉండాది. పింజ పొట్టి. ఈ మచ్చలేందప్పా? పత్తి ఏరినారా, సెత్త ఊడ్చుకొచ్చినారా?"

పత్తి ఎంత బాగుంటే తిట్టు అంత పొడుగు. నిజంగా పనికిరాని సరుకైతే ఒక్క మాటా అనడు, పక్క కుప్పకు పోతాడు. ముదురు రైతులకు ఈ సంగతి తెలుసు. శశికాంత్ నోరు విప్పి తిడుతున్నాడంటే పైకి ఏడుపు మొహం పెట్టి లోపల సంబరపడతారు.

ఇది నాయన నేర్పిన విద్య. "వేలు నవ్వచ్చురా, మొహం నవ్వకూడదు. కొనేవాని నోట్లో బాగుందన్న మాట వచ్చిందంటే కుప్ప కొండెక్కి కూర్చుంటాది" అనేవాడు మల్లికార్జునయ్య. ఆయన కాలంలో ధర కూడా నోటితో చెప్పేవాళ్ళు కాదు. ఇద్దరూ ఒక తువాలు కింద చేతులు పెట్టి, వేళ్ళు పట్టుకుని బేరమాడేవాళ్ళు. పైన మొహాలు రాళ్ళు. కింద వేళ్ళు మాట్లాడుకునేవి. వేలు నొక్కి ఒప్పుకున్నాక ఇక బ్రహ్మదేవుడొచ్చినా వెనక్కి పోవడం లేదు. ఇప్పుడు ధరలన్నీ కంప్యూటర్లో వేస్తున్నారు, తువాళ్ళు భుజాల మీదే ఉండిపోయాయి.

ఇంకో అలవాటు కూడా నాయనదే. చాలా మంచి పత్తి కనిపిస్తే, తిట్టాల్సిందంతా తిట్టి, పోతూ పోతూ చిటికెడు దూది తీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. శశికాంత్ కూడా అలాగే వేసుకుంటాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆ నోటిని అతను యార్డు గేటు దగ్గర వదిలిపెట్టి ఇంటికి రాలేకపోయాడు.

పావనిది ఎమ్మిగనూరు. పెళ్ళయి పన్నెండేళ్ళు. పిల్లలు కలగలేదు. ఇంట్లో ఇద్దరే మనుషులు, అందులో ఒకరు వండితే ఇంకొకరు వంక పెట్టడం. మూడోసారి కూర వేయించుకుంటూ "ఉప్పు రోంత ఎక్కువైంది" అనేవాడు. కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడితే, కొంగు అంచు రెండు వేళ్ళతో నలిపి చూసి "రంగు నిలబడదు" అనేవాడు. మొదట్లో పావని నవ్వేది. కొన్నేళ్ళకు నవ్వడం మానింది. తర్వాత చూపించడమే మానింది.

ఒకసారి మాత్రం చూపించింది. ఆదోనిలోనే ఒకామె దగ్గర మగ్గం వర్క్ నేర్చుకుని, ఆరు వారాలు కూర్చుని, ఒక జాకెట్టు మీద నెమలిని కుట్టింది. శశికాంత్ యార్డు నుంచి రాగానే తెచ్చి చేతికిచ్చింది. అతను వెలుతురులో పట్టుకున్నాడు, వేళ్ళతో తడిమాడు, తిరగేసి లోపలి వైపు చూశాడు.

"ఈడ దారం వదులైంది సూడు" అన్నాడు.

పావని జాకెట్టు తీసుకుని మడిచి పెట్టింది. పది రోజులకు, ఉగాది పోయిన వారంలో, బట్టలు సర్దుకుంది. గడప దగ్గర నిలబడి చెప్పింది.

"పన్నెండేండ్లు కాపురం జేసినా. నేను జేసింది ఒక్కటన్నా, ఒక్కటి, బాగుండాదని నా మొహం సూసి మీరు చెప్పలేదు. అది చెప్పిన పొద్దు వస్తా. మాట."

ఆమె బస్సెక్కాక శశికాంత్‌కు నవ్వొచ్చింది. ఇంతేనా? ఒక్క మాటేగా? పదిహేను రోజులు ఆగి, ఆదివారం పూట బస్సెక్కి ఎమ్మిగనూరు పోయాడు. అత్త సుగుణమ్మ నేతగాళ్ళ వీధి పక్కన ఉంటుంది. "రాప్పా అల్లుడా" అని మంచం వాల్చింది. పావని ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. బొరుగులు మెత్తగా నాని, నిమ్మకాయ పుల్లగా తగిలి, పప్పులపొడి కమ్మగా, అబ్బ, రెండుసార్లు వేయించుకున్నాడు. మాట నాలుక చివరికొచ్చి కూర్చుంది. పావని ఎదురుగానే ఉంది, చూస్తోంది. నోరు తెరిచాడు.

"బజ్జీలో కారం రోంత తగ్గింది."

పావని ప్లేటు తీసుకుని లోపలికి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

"ఏమప్పా, నీ నోట్లో ఎవురన్నా తేమ చూసే మిషను పెట్టినారా?" అంది సుగుణమ్మ.

అలా వెళ్ళినవాడు అలాగే వచ్చాడు. మళ్ళీ నెలల తరబడి ఆ వైపు పోలేదు.

ఒంటరి మగవాడి ఇల్లు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. కుక్కర్ ఒక్కటే మాట్లాడుతుంది, అది కూడా మూడు కూతలు కూసి ఊరుకుంటుంది. యార్డులో మధ్యాహ్నానికి పని అయిపోతుంది. ఇంటికొస్తే నాలుగు గదులు, నాలుగింటిలోనూ ఫ్యాన్ వేసినా గాలి ఒక్కడికే. తిట్టడానికి కూడా మనిషి లేదు. తనే వండుకున్న చారు తిని, "పులుపు ఎక్కువైంది" అని గోడకు చెప్పి, తర్వాత సిగ్గుపడ్డాడు.

ఆ మధ్య ఫోను కిందపడి పగిలితే, స్టేషన్ రోడ్డులో సెల్ షాపు దేవేంద్ర దగ్గర పాత ఫోను ఒకటి తీసుకున్నాడు. అందులో ఒక ఆట మిగిలి ఉంది.

"ఫుట్‌బాల్ ఆట అన్నా. పాత ఓనరుది. తీసేద్దునా?" అన్నాడు దేవేంద్ర.

"ఉండనీలే. అదేమన్నా తిండి అడుగుతాందా?"

ఆదోనిలో ఫుట్‌బాల్ ఎవడాడతాడు? క్రికెట్ తప్ప ఇంకో బంతి ఉందని కూడా శశికాంత్ ఎప్పుడూ అనుకోలేదు. ఒక ఆదివారం ఏమీ తోచక దాన్ని తెరిచాడు. తెరిచాక విడిచిపెట్టలేదు. ఎందుకంటే ఆ ఆటలో మనం బంతి తన్నే పని లేదు. జట్టుకు మేనేజరుగా ఉండాలి. ఎవడు గట్టి, ఎవడు బలహీనం, ఎవడిని కొనాలి, ఎవడిని వదలాలి, అది చూడాలి. ఆడేది వాళ్ళు, చూసేది మనం. అరే, ఇది మన పనే కదా అనుకున్నాడు శశికాంత్.

ఆటగాళ్ళ పేర్లు నోరు తిరగక తనే పేర్లు పెట్టుకున్నాడు. గోలు కాసేవాడు బండలా ఉన్నాడని వాడికి మిల్లు వాచ్‌మన్ పేరు పెట్టి భీమన్న అన్నాడు. ముందు వరసలో పరిగెత్తే తొమ్మిదో నంబరు కుర్రవాడికి సిన్నప్ప అని పెట్టాడు. పంతొమ్మిదేళ్ళు. వాడి పేరు పక్కన ఉన్న అంకెలు చూడగానే శశికాంత్ వేళ్ళు నవ్వాయి. పొడుగు పింజ సరుకు.

ఆ ఆటలో సగం ఆట అయ్యాక, హాఫ్‌టైమ్‌లో, జట్టును కూర్చోబెట్టి మేనేజరు నాలుగు మాటలు చెప్పాలి. మాటలు తెరమీద రాసి ఉంటాయి, మనం ఒకటి నొక్కాలి. 'మీమీద నాకు నమ్మకం ఉంది' అని ఒకటి. 'చాలా బాగా ఆడారు' అని ఒకటి. 'ఈ ఆట నాకు నచ్చలేదు' అని ఒకటి. ఏమీ అనకుండా ఊరుకోవడం కూడా ఉంది. ఇంగ్లీషులో ఉంటే దేవేంద్ర దగ్గర అడిగి అర్థం రాసుకున్నాడు. మాట నొక్కగానే ఒక్కొక్క ఆటగాడి పేరు పక్కన బాణం గుర్తు పడుతుంది. ఉత్సాహపడితే పచ్చ బాణం పైకి, మనసు కుంగితే ఎర్ర బాణం కిందికి.

శశికాంత్ ఏది నొక్కి ఉంటాడో మీకు చెప్పాలా? ఓడిపోతున్నా 'నచ్చలేదు', గెలుస్తున్నా 'నచ్చలేదు'. మొదట్లో బాగానే పనిచేసింది. సోమరిపోతులు నలుగురు తిట్లు తిని పరిగెత్తారు. జట్టు వరసగా ఐదు ఆటలు గెలిచింది. దేవేంద్ర షాపులో కూర్చుని గొప్పలు చెప్పాడు.

అయితే జట్టులో ఒక్కొక్కరినీ విడిగా కూడా పిలిచి మాట చెప్పొచ్చు. సిన్నప్ప ఒక ఆటలో మూడు గోల్స్ కొట్టాడు. శశికాంత్ వాడిని పిలిచి 'ఇంకా బాగా ఆడాలి' నొక్కాడు. ఎర్ర బాణం. తర్వాతి ఆటలో రెండు కొట్టాడు. మళ్ళీ అదే మాట. మళ్ళీ ఎర్ర బాణం. మంచి సరుకు కదా, ఎక్కువ తిట్టాలి. అతనికి తెలిసిన ప్రేమ అది.

నెల తిరిగేసరికి సిన్నప్ప దగ్గర్నుంచి ఉత్తరం లాంటిది వచ్చింది. చదివించుకోవడానికి దేవేంద్ర షాపుకు పోయాడు.

"ఈ పిలగాడు పోతానంటాండాడు అన్నా."

"యాడికి?"

"యాడికైనా సరే అంట. మేనేజరు నన్ను లెక్కలోకి తీసుకోవడం లేదు, వేరే జట్టుకు పంపండి అని రాసినాడు."

"వానికి ఏమైంది? వాడే కదా నా జట్టులో మొనగాడు!"

"ఆ ముక్క వానికి చెప్పినావా?"

"చెప్పేదేంది? వానికి తెల్దా?"

"యాడ తెలుస్తుందన్నా! మూడు గోల్స్ కొట్టిన పొద్దు ఏమన్నావు?"

"ఇంకా బాగా ఆడాల అన్నా."

దేవేంద్ర పడీ పడీ నవ్వాడు. "అబ్బబ్బ, నువ్వు మనిషివి కాదన్నా. ఇంట్లో వదినతో కూడా ఇట్లనే..." అని, నోరు కరుచుకుని, కౌంటర్ మీద పడి ఉన్న పాత చార్జర్ వైరు చుట్టడం మొదలుపెట్టాడు.

శశికాంత్ ఫోను జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. సిన్నప్పకు ఏం జవాబివ్వాలో ఆట అడుగుతోంది. పోనివ్వడమా, ఆపడమా? ఆపు అని నొక్కాడు. పోతానన్న వాళ్ళను ఆపే గుండీ ఉన్న చోటు అదొక్కటే మరి.

ఆ రోజు నుంచి మెచ్చుకోవడం సాధన చేయడం మొదలుపెట్టాడు. గుండీ నొక్కే ముందు ఖాళీ ఇంట్లో బయటికే అనేవాడు. "బాగుండాది." గొంతులో ఎండు రొట్టె ఇరుక్కున్నట్టు ఉండేది. "బాగా ఆడినావు." రెండో వారానికి కొంచెం నాలుక తిరిగింది. ఆట కూడా ఊరికే వదల్లేదు. సరిగా ఆడనివాడిని బాగా ఆడావంటే వాడు నమ్మలేదు. అందరినీ ఒకే మాటతో మెచ్చుకుంటే సగం మంది బద్ధకంగా తయారయ్యారు. మెచ్చుకోవడంలో కూడా పింజ చూడాలన్నమాట. సిన్నప్ప మాత్రం ఏమన్నా మొహం తిప్పుకునే ఉన్నాడు. పచ్చ బాణం లేదు, ఎర్ర బాణం లేదు.

ఈ సాధన ఒకరోజు యార్డులో బయటపడింది. తుగ్గలి వైపు నుంచి నాగప్ప అనే రైతు పత్తి తెచ్చాడు. ఇరవై ఏళ్ళుగా శశికాంత్‌కీ, అంతకు ముందు వాళ్ళ నాయనకీ పత్తి చూపించినవాడు. తెల్లగా, పొడిగా, వెన్నలా ఉంది సరుకు. శశికాంత్ గుప్పెడు తీసి లాగి చూశాడు. నోరు దానంతట అదే అంది.

"పత్తి బాగుండాది నాగప్పా."

చుట్టూ ఉన్న బయ్యర్లు తలలు తిప్పారు. హమాలీ ఒకడు మోస్తున్న పత్తి బోరెం కిందికి దించాడు. నాగప్ప మొహం తెల్లబోయింది.

"ఏం సావుకారూ? నా పత్తికి ఏమైంది?"

"ఏం కాలేదప్పా. బాగుండాదంటాండా."

"ఇరవై ఏండ్లు తిట్టినోనివి ఈ పొద్దు బాగుండాదంటావేంది? ఇందులో ఏదో మోసం ఉండాది. ధర పడిపోయిందా? మిల్లు మూతపడతాందా? ఏందో చెప్పు, నేను బండికి ఎత్తుకుంటా."

నిజంగానే ఎత్తుకునేలా ఉన్నాడు. శశికాంత్ చేతులు ఊపాడు. "సరేలే నాగప్పా, తేమ ఉండాది! పింజ పొట్టి! మచ్చలుండాయి! సాలునా?"

"హా!" అని నాగప్ప ఊపిరి వదిలాడు. "ఇప్పుడు మాట్లాడినాడు నా సావుకారు."

యార్డంతా నవ్వింది. శశికాంత్ కూడా నవ్వాడు. కానీ తనకు నోరు తిరిగిందన్న ధైర్యం ఆ రోజే వచ్చింది. ఆ ఆదివారమే ఎమ్మిగనూరు బస్సెక్కాడు. దారి పొడుగునా కిటికీ వైపు తిరిగి పెదవులు కదుపుతూనే ఉన్నాడు. పక్క సీటాయన జపం అనుకుని కాళ్ళు కొంచెం ముడుచుకున్నాడు.

సుగుణమ్మ ఇంటి వసారాలో ఇప్పుడు పెద్ద చెక్క చట్రం ఉంది. దాని మీద బిగించిన పట్టు గుడ్డకు అటు ఇద్దరు ఆడవాళ్ళు, ఇటు పావని కూర్చుని కుడుతున్నారు. గోడకు పెళ్ళి జాకెట్లు వేలాడుతున్నాయి. పావని తలెత్తి చూసి, సూది ఆపకుండా "కూర్చోండి" అంది.

శశికాంత్ కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టాడు.

"పావనీ, నువ్వు ఇల్లు బాగా చూసుకున్నావు. వంట బాగా చేసినావు. నీ పని నాకు బాగా నచ్చింది. నీ మీద నాకు పూర్తి నమ్మకం ఉండాది."

చట్రం అవతల ఒకామె కిసుక్కున నవ్వింది. పావని సూది ఆగింది.

"ఏం అమ్మేకి వచ్చినారు?" అంది.

"అమ్మేదేంది?"

"మీ యార్డులో కొనేవాళ్ళు తిడతారు, అమ్మేవాళ్ళు పొగుడుతారు. పన్నెండేండ్లు విన్నా, నాకు తెల్దా? యాడ నేర్చుకున్నారు ఈ మాటలు?"

శశికాంత్‌కు అబద్ధం తోచలేదు. "ఫోన్లో. ఒక ఆట ఉండాది" అన్నాడు.

సుగుణమ్మ లోపల్నుంచి వచ్చి, "రాండమ్మా, టీ తాగి వద్దురు" అని ఆ ఇద్దరినీ వంటింట్లోకి తోలుకుపోయింది. వసారాలో ఇద్దరే మిగిలారు. శశికాంత్ అప్పుడు కూర్చున్నాడు. ఆట గురించి చెప్పాడు. సిన్నప్ప గురించి, ఎర్ర బాణాల గురించి. పావని వింటూ ఒకసారి నవ్వినట్టే ఉంది.

"ఆ పిలగాడు ఇంకా ఉన్నాడా?"

"పోనియ్యలేదు. పట్టుకోని ఉండా."

"ఆడతాండాడా?"

"లే."

పావని కొంతసేపు గుడ్డ మీద పూసలు సర్దింది. తర్వాత అతని వైపు చూడకుండానే అంది.

"మీ చొక్కాలు ఉతికేటప్పుడు జేబులు నేనే చూసేదాన్ని. దూది ఉంటే ఆ పొద్దు మంచి పత్తి చూసినారని తెలిసేది. పన్నెండేండ్లు చూసినా. నా దూది ఏ జేబులోనూ కనపళ్ళేదు."

శశికాంత్‌కు బస్సులో నేర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. తువాలుతో మొహం తుడుచుకున్నాడు. అప్పుడు వచ్చింది మాట. అది ఏ గుండీ మీదా రాసి లేదు.

"నన్ను మిల్లులో నుంచి తీసేసిన యాడాది గుర్తుందా? తడిసిన పత్తి చూసుకోకుండా కొన్నందుకు. రెండు నెలలు పని లేదు. వీధిలో వాళ్ళకు తెలియకూడదని దినామూ పొద్దున బయటికి పోతాంటి. నువ్వు ఒక్క మాట అడగలేదు. చొక్కా ఇస్త్రీ చేసి, టిఫిన్ డబ్బా కట్టి, గడప దాకా వచ్చి పంపిస్తాంటివి. నేను పోయి రైల్వే స్టేషన్‌లో బెంచీ మీద కూర్చుంటాంటి. ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకోని. ఆ డబ్బా లేకపోతే... ఆ పొద్దు వచ్చే రైలు కింద పడేవాణ్ణో ఏమో. నువ్వు చేసిన అన్నిట్లో అది బాగుండాది పావనీ. అంత మంచిది నేను యాడా చూడలేదు."

మొహం చూసే చెప్పాడు. పావని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ కిందికి రాలేదు.

"నాకు తెలుసు, స్టేషన్‌లో కూర్చుంటారని" అంది. "మీరు తినేటప్పుడు పక్కన కుక్క చూస్తుంటే పెట్టకుండా ఉండలేరు. అందుకే రెండు రొట్టెలు ఎక్కువ పెడతాంటి."

శశికాంత్‌కు ఆ రెండు రొట్టెలు గుర్తొచ్చాయి. గోధుమ రంగు కుక్క కూడా గుర్తొచ్చింది. ఇంటికొచ్చి ఆమెతో తనన్న మాటా గుర్తొచ్చింది. 'ఎందుకు దండిగా పెడతావు, దుబారా.'

లోపల టీ గ్లాసులు కడుగుతున్న చప్పుడు.

"నేను మాట ఇచ్చినా" అంది పావని. "ఒక్క మాట చెప్పిన పొద్దు వస్తానని. మీరు చెప్పినారు. ఇంత మంచి మాట చెప్తారని నేను అనుకోలేదు కూడా."

"అయితే..."

"అది అడిగిన పొద్దు నాకు ఆకలి ఉండె. ఇప్పుడు ఆకలి లేదు. ఈడ దినామూ ఎవరో ఒకరు వచ్చి, పావనక్కా నీ చేతిలో ఏముందో అంటారు. మొదట్లో ఏడుపొచ్చేది. ఇప్పుడు అలవాటైంది. ఈ వసారా, ఈ చట్రం నావి. మీ మీద కోపం కూడా లేదు. కోపం ఉంటే వచ్చేదాన్నేమో." సూదిని గుడ్డకు గుచ్చి పెట్టింది. "మాట తప్పుతాండా. మీ ఇండ్లల్లో మాట మాటే కదా. మీరు రమ్మంటే రావాల. చెప్పండి."

అదీ సంగతి. మాట పట్టుకుంటే పావని వచ్చేది, బట్టలు సర్దుకుని, ఆ సాయంత్రం బస్సుకే. అది అతనికి తెలుసు. నాలుగు గదుల ఇల్లు కళ్ళ ముందు కనిపించింది, అందులో ఇద్దరు మనుషులూ కనిపించారు. ఆ ఇద్దరిలో ఒకరు పచ్చా ఎర్రా లేకుండా తలొంచుకుని ఉన్నారు.

శశికాంత్ భుజం మీది తువాలు తీసి ఒళ్ళో పెట్టుకుని మడిచాడు.

"తువాలు కింద వేలు పట్టుకోలేదు కదా పావనీ" అన్నాడు. "పట్టుకోని ఉంటే కదా బేరం. ఏం లేదులే."

పావని అతని చేతుల్లోని తువాలు వైపు చూసి, కొంగుతో మొహం తుడుచుకుంది. ఆమె లేవబోతుంటే, "ఆ గోడకున్న జాకెట్టు ఒకటి చూపియ్యి, చూసి పోతా" అన్నాడు. పావని వాటిలో ఒకటి తీసి ఇచ్చింది. వేళ్ళతో తడిమి, తిరగేసి లోపలి వైపు చూశాడు. దారాలన్నీ బిగువుగా, వరసగా ఉన్నాయి. ఎక్కడా వంక దొరకలేదు. ఆ మాటే చెప్పాడు.

"వంక దొరకలేదు."

"దొరకదు" అంది పావని.

తిరుగు బస్సులో ఫోను తీశాడు. సిన్నప్ప ఇంకా పోతానంటూనే ఉన్నాడు. శశికాంత్ పోనిమ్మని నొక్కాడు. పంపే ముందు ఏమైనా చెబుతారా అని ఆట అడిగింది. 'నువ్వు చేసిన దానికి సంతోషం' అన్న మాట ఒకటి ఉంది. నొక్కాడు. ఎన్నో వారాల తర్వాత సిన్నప్ప పేరు పక్కన పచ్చ బాణం పడింది. తర్వాత ఆ పేరు జట్టులో లేదు.

సంక్రాంతి ముందు నాగప్ప రెండోసారి ఏరిన పత్తి తెచ్చాడు. రెండో ఏరుడు మామూలుగా తక్కువ రకంగా ఉంటుంది, ఇది మాత్రం మొదటిదాన్ని మించి ఉంది. శశికాంత్ వంగి చూసి మొహం పెట్టాడు. "ఏందప్పా ఇది, సెత్తా? తేమ కారుతాంది" అని దీర్ఘం తీశాడు. నాగప్ప తల వేలాడేసి లోపల సంబరపడ్డాడు. శశికాంత్ పోతూ పోతూ చిటికెడు దూది జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రం బట్టలు ఉతుక్కున్నాడు. సబ్బు నీళ్ళలో ముంచి, నలిపి, పిండి, తీగ మీద వేయబోతుంటే జేబు దగ్గర చేతికి గట్టిగా ఏదో తగిలింది. వేలు పెట్టి తీశాడు. దూది తడిసి, నలిగి, గోళీకాయలా గట్టిపడిపోయింది. ఉతికే ముందు జేబు చూడాలని తట్టలేదు. పన్నెండేళ్ళలో ఆ పని తనకెప్పుడూ పడలేదు.

దాన్ని బొటనవేళ్ళతో మెల్లగా విడదీయాలని చూశాడు. పింజ రాలేదు. కిటికీ గట్టు మీద ఎండబెట్టి, చేతులు తుడుచుకుని, లోపలికొచ్చి ఫోను తెరిచాడు. హాఫ్‌టైమ్. జట్టు రెండు గోల్స్ వెనకబడి ఉంది. ముందు వరసలో మనిషి లేడు. ఏం చెబుతారు అని ఆట అడుగుతోంది. కుక్కర్ మూడో కూత కూసి ఊరుకుంది.

"ఏం కాదులేప్పా" అన్నాడు శశికాంత్ బయటికే. "ఇంకా సగం ఆట ఉండాది."